చిగురు పసుపుబారినప్పుడు: మొక్కలలో ఇనుము లోపము, దాని చికిత్స

ప్రతి సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఆక్లండులో చలి తగ్గుముఖము పట్టగానే, మా ఆలయ కమిటీ వారిని అందరు ఒకే ప్రశ్న అడుగుదురు. పూజ ముగిసి ప్రసాదము పంచుచుండగా ఎవరో ఒకరు వచ్చి, తమ ఇంటి కరివేప మొక్క చిగుళ్ళు పసుపుబారినవనియు, దానికేమి వేయవలెనో చెప్పుమనియు కోరుదురు. అప్పటికే కొందరు తుప్పు పట్టిన మేకులను కుండీలో గ్రుచ్చి ఉందురు. కొందరు రక్తహీనతకు వైద్యులిచ్చిన ఇనుము మాత్రలను పొడిచేసి మట్టిలో కలిపి ఉందురు. ఈ దేశపు చలిలో కరివేప సులభముగా పెరుగునది కాదు. ఒకరి ఇంటి పిలక మరియొకరి ఇంటికి చేరి, పదిహేను ఇరువది ఏండ్లుగా బ్రదుకుచున్న మొక్కలు మన కుటుంబములలో కలవు. అట్టి మొక్క పోయినచో అంతటి దానిని పెంచుటకు మరల అన్ని ఏండ్లు పట్టును. కనుక ఈ సంగతిని కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. మొక్కకు ఇనుము లోపించినదన్నంత మాత్రమున నేలలో ఇనుము లేదని అర్థము కాదు. చాలవరకు నేలలో ఇనుము కావలసినంత ఉండును. మొక్క దానిని తీసికొనలేకపోవును. కావున “ఎంత ఇనుము వేయవలెను?” అనునది రెండవ ప్రశ్న. “ఉన్న ఇనుమును ఈ మొక్క ఎందుకు తీసికొనలేకున్నది?” అనునది మొదటి ప్రశ్న. మొదటిదానికి సమాధానము తెలియక రెండవదానికి పోయినవారు డబ్బును, మొక్కను కూడ పోగొట్టుకొనుట మేము చూచితిమి.

తెలుగు మరల నేర్చుకొనుచున్న మన పిల్లలకు ఇచ్చట మాటల చిక్కు ఒకటి కలదు. తెలుగున ‘పచ్చ’ అను మాట ఆకు రంగునకును చెల్లును, పసుపు రంగునకును చెల్లును. పచ్చగడ్డి అన్నప్పుడు అది ఆకు రంగు. పచ్చకామెరలు అన్నప్పుడు అది కన్నులు పసుపుబారు వ్యాధి. “చేను పచ్చగా ఉన్నది” అన్నచో సంతోషింపవలెను. “చేను పచ్చబడినది” అన్నచో చింతింపవలెను. అందువలన ఈ వ్యాసములో ‘ఆకుపచ్చ’, ‘పసుపు’ అను మాటలనే వాడుదుము.

ఇంకను నాలుగు మాటలు నేర్చుకొనవలెను. కొమ్మ కొసన అప్పుడే పుట్టినది చిగురు. కొంచెము విచ్చుకొన్నది లేతాకు. పూర్తిగా ఎదిగి దళసరియైనది ముదురాకు. వయస్సు చెల్లి పసుపుబారి రాలుటకు సిద్ధముగా ఉన్నది పండాకు. ఆకులో నరముల వలె వ్యాపించు గీతలను ఈనెలు అందురు. పండు పండినట్లే ఆకు కూడ పండునని మన భాష చెప్పుచున్నది. పండాకు పసుపుగా ఉండుట సహజము, దానికి మందు అక్కరలేదు. చిగురు పసుపుగా ఉండుట రోగము. ఇనుము లోపమును గుర్తించుటకు ఈ భేదమే ఆధారము.

కారణమేమనగా, ఆకునకు ఆకుపచ్చ రంగునిచ్చు పత్రహరితము తయారగుటకు ఇనుము అవసరము. పత్రహరితములో ఇనుము ఉండదు, దాని నడుమ ఉండునది మెగ్నీషియము; కాని ఇనుము లేనిదే దానిని తయారుచేయు పని సాగదు. ఒకసారి ఒక ఆకులో చేరిన ఇనుము అచ్చటనే నిలిచిపోవును, మరియొక ఆకునకు సులభముగా కదలదు. వేళ్ళనుండి క్రొత్త ఇనుము రానప్పుడు ముదురాకులు తమకున్న దానితో పచ్చగా నిలుచును, చిగుళ్ళు మాత్రము ఏమియు లేక పసుపుబారును. మొదట ఈనెల నడుమనున్న భాగము పసుపుబారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చ దారములతో వల అల్లినట్లు స్పష్టముగా కనబడును. వ్యాధి ముదిరినకొలది ఈనెలు కూడ పాలిపోయి, చిగురు దాదాపు తెల్లనై, అంచులు ఎండిపోవును.

మెగ్నీషియము, నత్రజని అట్లు కాదు. అవి ముదురాకులనుండి చిగుళ్ళకు కదలిపోగలవు. కావున వాటి లోపము క్రింది ఆకులలో మొదట కనబడును. నత్రజని తక్కువైన ముదురాకు ఈనెలతో సహా అంతయు పాలిపోవును. మెగ్నీషియము తక్కువైన ముదురాకు ఈనెల నడుమ పసుపుబారును. ఆక్లండులోని నిమ్మచెట్లలో మనము తరచుగా చూచునది ఈ మెగ్నీషియము లోపమే. దానికి ఇనుము పోసిన ఫలము లేదు. మాంగనీసు లోపము మాత్రము చిగుళ్ళలోనే కనబడి ఇనుము లోపమువలె భ్రమింపజేయును. అందు ఈనెల ప్రక్కన ఆకుపచ్చని పట్టీ వెడల్పుగా మిగులును, అంచు స్పష్టముగా ఉండదు.

ఇక నేల సంగతి. భూమి పైపొరలో బరువును బట్టి సుమారు నూటికి ఐదు పాళ్ళు ఇనుమే. ఆక్లండునకు దక్షిణమున పుకెకోహె ప్రాంతములో ఉల్లి, బంగాళాదుంప పండించు ఎర్రనేలలను చూచినవారికి ఈ మాట తెలియును. ఆ ఎరుపు ఇనుపతుప్పు ఎరుపే. వీతి లేవు ద్వీపమున మన పెద్దలు చెరకు నాటిన ఎర్రనేలలును అట్టివే. ఐనను తుప్పు నీటిలో కరగదు, కరగనిదానిని వేరు త్రాగలేదు. నేల పులుపుగా, అనగా ఆమ్లముగా ఉన్నప్పుడు కొంత ఇనుము కరగును. సున్నము పాలు హెచ్చినకొలది అది గట్టిగా బిగిసికొనిపోవును. నేల పులుపును కొలుచు పి.హెచ్. అను కొలతలో ఏడు నడిమి గుర్తు. ఏడునకు తక్కువ పులుపు, ఎక్కువ క్షారము. ఈ కొలత ఒక్క అంకె పెరిగినచో తుప్పు రూపములోని ఇనుము కరుగుట వేయింతలు తగ్గును. ఆరు నుండి ఎనిమిదికి పోవుట మన కంటికి రెండు అంకెల భేదమే. మొక్కకు మాత్రము అది నిండిన గాదె ముందు పస్తుండుటతో సమానము.

మొక్కలును చేతులు ముడుచుకొని కూర్చుండవు. కరివేప, నిమ్మ, వేరుశనగ వంటివి వేళ్ళ చుట్టునున్న మట్టిలో ఆమ్లమును విడిచి, ఇనుమును కరుగు రూపమునకు మార్చి త్రాగును. గడ్డి జాతివైన వరి, జొన్న, చెరకు వంటివి వేరొక ఉపాయము చేయును. అవి ఇనుమును పట్టుకొను ఒక పదార్థమును వేళ్ళనుండి బయటికి పంపి, అది ఇనుమును పట్టుకొనగానే రెంటిని కలిపి లోనికి లాగికొనును. ఈ పనులన్నియు బ్రదికియున్న వేరుకొసలు చేయవలసినవే. చలికి మొద్దుబారినను, నీటిలో ఊపిరాడక కుళ్ళినను వేరు ఈ పని చేయలేదు.

సున్నము లేని చోటనైనను ఇనుము అందకపోవచ్చును. దీనికి తోటపని చేసి బ్రదికిన మన వంటివారికి దగ్గరి ఉదాహరణము హవాయి. అచ్చటి ఓవాహు ద్వీపములో కొన్ని అనాసతోటలు మాంగనీసు మిక్కుటముగా ఉన్న నల్లని నేలలలో వేయబడెను. ఆ నేలలో ఇనుమునకు కొదువ లేదు, ఐనను అనాస మొక్కలు పసుపుబారి ఎదుగుట మానెను. మాంగనీసు అధికమై ఇనుమును మొక్కకు అందనీయలేదు. హవాయి వ్యవసాయ పరిశోధనా కేంద్రములోని మాక్స్‌వెల్ జాన్సన్ 1916లో ఇనుము లవణపు నీటిని నేలలో పోయక ఆకులపై చల్లవలెనని ప్రకటించెను. మొక్కలు ఆకుపచ్చనయ్యెను. నేల దారి మూసికొనినప్పుడు ఆకు దారి తెరచియుండునని అంతకు పూర్వమే 1840 దశకములో ఫ్రాన్సు దేశస్థుడు యూసేబ్ గ్రీ చూపియుండెను; తోటల యజమానులకు అది లాభముగా మారినది హవాయిలోనే.

న్యూజీలాండు చరిత్రలో దీనికి ఎదురైన కథ ఒకటి కలదు. అది మొక్కల కథ కాదు, పశువుల కథ; ఐనను ఇనుమును గూర్చి వ్రాయుచు దానిని విడుచుట మాకు న్యాయముగా తోచలేదు. ఉత్తర ద్వీపము నడుమ, రోటొరువా, టౌపో పరిసరములలో, అగ్నిపర్వతములు వెదజల్లిన ప్యూమిస్ అను తేలికరాతి నేలలు విస్తారముగా ఉన్నవి. అడవులు కొట్టి గడ్డి వేసిన రైతుల పశువులు మోకాలిలోతు గడ్డిలో నిలిచి బక్కచిక్కి చచ్చుచుండెను. దానిని బుష్ సిక్‌నెస్ అనిరి. పశువులలో రక్తహీనత కనబడినందున ప్రభుత్వ వ్యవసాయశాఖ రసాయనవేత్త బెర్నార్డ్ ఆస్టన్ ఇది ఇనుము లోపమని నిర్ణయించెను. లిమొనైట్ అను గోధుమరంగు ఇనుపరాతి పొడిని నాకించినచో పశువులు కోలుకొనుచుండెను కూడ. కాని ఒక చోటి రాయి పని చేసినట్లు మరియొక చోటి రాయి చేయదు. 1930 దశకము నడుమ పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇట్టి వ్యాధినే పరిశోధించుచున్న ఫిల్మర్, అండర్‌వుడ్ అనువారు లిమొనైట్ నుండి ఇనుమును తీసివేసి, మిగిలిన సారమును పశువులకిచ్చిరి. పశువులు కోలుకొనెను. మేలు చేసినది ఇనుము కాదు, ఆ రాతిలో కొంచెముగా కలిసియున్న కోబాల్టు. పిమ్మట న్యూజీలాండు రైతులు ఎరువులో కోబాల్టు కలిపి చల్లుటతో, విడిచిపెట్టిన ఆ నేలలు మరల పచ్చికబయళ్ళయ్యెను. మందు పనిచేసినంత మాత్రమున రోగము తెలిసినట్లు కాదని దీనిలో ఉన్నది. అందుచేతనే మేము మొక్కంతటికి మందు వేయకముందు ఒక్క రెమ్మపై పరీక్ష చేయుమందుము. ఆ విధానము క్రింద వ్రాసితిమి.

మన పెరళ్ళకు వత్తము. న్యూజీలాండు నేలలు వానలవలన స్వభావముగానే చాలవరకు పులుపు నేలలు. రైతులు వాటికి సున్నము చేర్చవలసివచ్చును. ఆక్లండు కుళాయినీరు కూడ మెత్తని నీరే, దానిలో సున్నము పాలు తక్కువ. అనగా ఇచ్చట ఇనుము లోపము కలిగినచో దానిని చాలసార్లు మనమే కల్పించుకొనుచున్నామన్న మాట. క్రొత్త ఇంటి సిమెంటు గోడ ప్రక్కన నాటిన మొక్కకు సిమెంటులోని సున్నము చేరును. పచ్చికకు చల్లిన సున్నపుపొడి కుండీలో పడును. సముద్రపు గుల్లలు, ఆల్చిప్పలు అందము కొరకు కుండీలో పరచుదురు. అన్నిటికంటె ముఖ్యముగా బూడిద. పెద్దలనాటి నుండి మొక్క మొదట బూడిద వేయు అలవాటు మనకున్నది. హోమగుండములోని బూడిదను పారవేయ మనసొప్పక కొందరు ఇంటికి కొనిపోయి కరివేప కుండీలో వేయుదురు. భక్తి మంచిదే, కాని బూడిద క్షారము. దానిని క్యాబేజీ మడిలో పలుచగా చల్లుడు; కరివేప, నిమ్మ, గంధరాజము, నూరువరహాలు, కమేలియా, బ్లూబెర్రీ మొక్కలకు దూరముగా ఉంచుడు. ఇవన్నియు పులుపు నేలను కోరునవి.

అతిగా వేసిన కోళ్ళ ఎరువు వలన భాస్వరము పెరిగి, అదియును ఇనుమునకు అడ్డము వచ్చును. నీరు నిలుచుట మరియొక కారణము. ఆంధ్రదేశములో మెట్ట నారుమళ్ళలో వరినారు ఇనుము లోపించి తెల్లబారును; నీరు పెట్టి నిలిపినచో గాలి అందని మట్టిలో ఇనుము కరిగి నారు ఆకుపచ్చబడును. దీనిని విన్నవారు కరివేపకును నీరు నిలుపరాదు. వరివేరు నీటిలో ఊపిరి పీల్చుటకు కట్టుబడి చేసికొన్నది. కరివేపవేరు అట్లు కాదు, కుళ్ళిపోవును.

చికిత్సకు రెండు దారులు. మొదటిది ఆకుపై చల్లుట. దీనికి వాడు లవణమును తెలుగువారు అన్నభేది అందురు. రసాయన శాస్త్రములో ఫెర్రస్ సల్ఫేటు. ఇది లేత ఆకుపచ్చని స్ఫటికములుగా ఉండును. గోధుమరంగునకు మారినదానిని వాడవలదు, అది తుప్పుగా మారుచున్నది. నీలముగా మెరయు మైలుతుత్తము వేరు. అది రాగి లవణము, పొరబాటున పోసినచో మొక్కకు హాని చేయును. న్యూజీలాండు తోటసామానుల దుకాణములలో పచ్చికలోని నాచును చంపుటకు అన్నభేదినే అమ్ముదురు. అట్టి పొట్లములు కొన్నిటిలో ఎరువు కూడ కలిసియుండును గనుక పైనున్న పట్టికను చదివి, ఇతరములు కలియనిదానినే కొనవలెను.

ఆంధ్ర, తెలంగాణ వ్యవసాయాధికారులు వేరుశనగకు చెప్పు పాళ్ళు మన పెరటికి సరిపోవును: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు అన్నచో వంటింటి సిట్రిక్ ఆమ్లము. అది అన్నభేదిని తుప్పుగా మారనీయక కాపాడును. ముందు నిమ్మ ఉప్పును, పిమ్మట అన్నభేదిని కరగించి, ఆ పూటనే వాడివేయవలెను. చెంచాలతో కాక చిన్న త్రాసుతో తూచుట మేలు. పాళ్ళు హెచ్చినచో ఆకు మాడును.

పరీక్ష ఇట్లు చేయవలెను. ఒక పసుపు రెమ్మకు దారము కట్టి గుర్తు పెట్టుడు. దాని లేతాకులకు మాత్రము ఈ నీటిని కుంచెతో పూయుడు. వారము పది దినములలో పూసిన చోటులు ఆకుపచ్చనై, పూయని రెమ్మలు పసుపుగానే ఉన్నచో లోపము ఇనుముదే. మార్పు లేనిచో ఇనుమును మాని వేళ్ళను, నీటిని, ఇతర పోషకములను చూడవలెను. పరీక్ష నెగ్గిన పిమ్మట మొక్కంతటికి సాయంకాలము చల్లి, వారము పది దినముల ఎడముతో రెండు మూడుసార్లు చేయవచ్చును. ఎండలో చల్లరాదు. ఆకులో చేరిన ఇనుము అచ్చటనే నిలుచునని పైన చెప్పితిమి గదా. కనుక చల్లిన తరువాత పుట్టిన చిగురు మరల పసుపుగా రావచ్చును. చల్లుట ఊరట మాత్రమే. చల్లిన ఆకును కొంతకాలము కోయక, కోసినప్పుడు బాగుగా కడిగి వాడుడు.

అన్నభేది నీరు సిమెంటుపై పడినచో తుప్పుమరక పడును, అది పోదు. పట్టుపంచె పైనను అంతే. ఆలయపు మెట్లమీద కుండీలు పెట్టి చల్లువారు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని కోరుచున్నాము.

రెండవ దారి నేలను బాగుచేయుట. అన్నభేదిని సున్నపు మట్టిలో వేసినచో అది కొద్దికాలములోనే తుప్పై బిగిసికొనును. మేకుల గతియు ఇంతే. మేకు ముందే తుప్పు. అందుకే కీలేటు అను రూపములో ఇనుమును అమ్ముదురు. గ్రీకు భాషలో ఆ మాటకు పీతడెక్క అని అర్థము. పీత తన డెక్కలతో పట్టుకొన్నట్లు ఒక పదార్థము ఇనుమును పట్టుకొని, మట్టి దానిని బిగింపకుండ వేరు దాక చేర్చును. పట్టు అన్నిటికి సమానము కాదు. ఇ.డి.టి.ఎ. అను రకము పులుపు మట్టిలోనే నిలుచును, సున్నపు మట్టిలో పట్టు విడుచును. ఇ.డి.డి.హెచ్.ఎ. అను ఎర్రని రకము సున్నపు మట్టిలో కూడ నిలుచును, ధర ఎక్కువ. కొనుటకు ముందు డబ్బామీద ఏ రకమో చూడుడు; మోతాదు డబ్బాపై వ్రాసినదే.

కుండీ మొక్కకైతే అన్నిటికంటె చౌకైన చికిత్స మట్టిని మార్చుట. వసంతములో మొక్కను తీసి, కుళ్ళిన వేళ్ళను కత్తిరించి, కమేలియాల కొరకు అమ్ము పులుపు మట్టిలో, నీరు చక్కగా కారు కుండీలో నాటుడు. నేలలో ఉన్న చెట్టునకు గంధకపు పొడి చల్లవచ్చును. నేలలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చును. దానికి నెలలు పట్టును, చలికాలములో ఆ పని నిదానించును. ముందు పి.హెచ్. కొలిచి, తరువాతనే గంధకము వేయవలెను. కొలుచు సామగ్రి తోట దుకాణములో దొరకును. మట్టిపై కొంచెము వినిగరు పోసినప్పుడు బుసబుస పొంగినచో సున్నము నిండుగా ఉన్నదని తెలిసికొనవచ్చును.

చలికాలపు కరివేపకు ఇవి ఏవియు వర్తింపవు. జూన్ నుండి ఆగస్టు వరకు చల్లని మట్టిలో వేరు పని మానును. ఆకు పసుపుబారి రాలును, కొన్ని మొక్కలు మోడులగును. అది చలి చేసిన పని. కుండీని గోడ వెచ్చదనము తగులు చోటికి గాని, అద్దపు గది లోనికి గాని మార్చి, నీరు తగ్గించి, ఎరువు మాని ఓపిక పట్టుడు. వెచ్చని దినములు వచ్చి క్రొత్త చిగురు వేసిన పిమ్మట, ఆ చిగురు కూడ ఈనెల నడుమ పసుపుగా ఉన్నప్పుడే పై పరీక్ష చేయవలెను.

ఇనుము మాత్రలను గూర్చి ఒక హెచ్చరిక. అవి చిన్నపిల్లలకు ప్రాణాపాయము కలిగింపగలవు. పొడిచేసి కుండీలలో, గిన్నెలలో ఉంచరాదు. అన్నభేది డబ్బాను కూడ పిల్లలకందని చోట, తడి తగులకుండ మూత బిగించి ఉంచవలెను.

ఆదివారము పూజకు వచ్చునప్పుడు మొక్కను మోసికొని రానక్కరలేదు. ఒక రెమ్మ తెండు. దానిమీద చిగురును ఉండవలెను, ముదురాకును ఉండవలెను. కుండీ అడుగునుండి పిడికెడు మట్టిని వేరుగా సంచిలో తెచ్చినచో అక్కడనే కొలిచి చెప్పుదుము.